ప్రశ్నలడిగే సభలు

సంగీతంలో ఎంఏ, పీహెచ్‌డీ చేసేవాళ్లకు కచేరీలు పెట్టే సభలు ఎన్నో తెలుసు. రాసిన పరిశోధనను నలుగురి ముందూ పెట్టి నిగ్గు తేల్చుకునే సంఘాల గురించి మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. దేశంలోనూ బయటా అలాంటివి ఏమున్నాయి? ఎవరికి ఏది పనికొస్తుంది? చేరేముందు ఏం చూసుకోవాలి?

డిసెంబరులో చెన్నై మ్యూజిక్ అకాడమీ అంటే అందరికీ గుర్తొచ్చేవి సాయంత్రం కచేరీలు, టిక్కెట్ల కోసం కట్టే వరసలు, క్యాంటీన్లో ఫిల్టర్ కాఫీ. పీజీ విద్యార్థికి అసలు సరుకు దొరికేది మాత్రం పొద్దుటిపూట. ఎనిమిది దాటగానే ఓ విద్వాంసుడో పరిశోధకురాలో వేదికెక్కుతారు. ఒక రాగం గురించో, మరుగున పడ్డ వాగ్గేయకారుడి గురించో, పాత వ్రాతప్రతిలో దొరికిన పాఠం గురించో చెబుతూ, మధ్యమధ్యలో పాడి వినిపిస్తారు. ఆ ఏడాది సంగీత కళానిధి బిరుదుకు ఎంపికైనవారే అధ్యక్ష స్థానంలో కూర్చుని వింటారు. లెక్‌డెమ్‌లనే ఈ సోదాహరణ ప్రసంగాలకు టిక్కెట్టు లేదు, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు.

ప్రసంగం అయ్యాక చప్పట్లతో సరిపెట్టరు. నిపుణుల సంఘంలోని పెద్దలు, శ్రోతలు మైకు అందుకుంటారు. ఈ సంచారం ఏ గ్రంథంలో ఉంది? ఫలానా శిష్యపరంపరలో ఇలా పాడరు కదా? ఈ చరణం తర్వాతివాళ్లు చేర్చింది కాదని ఎలా చెప్పగలరు? సమాధానం ఉంటే అక్కడికక్కడ చెప్పాలి, లేకపోతే చూసి చెబుతానని ఒప్పుకోవాలి. ఆఖర్న అధ్యక్షులు తమ మాట చెప్పి ముగిస్తారు. ఒక గంటలో జరిగే ఈ తంతు కొన్నిసార్లు రెండేళ్ల కోర్సు నేర్పనిది నేర్పుతుంది.

మన విశ్వవిద్యాలయాల్లో సంగీత శాఖలు చిన్నవి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఈమధ్యే సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న హైదరాబాద్ తెలుగు విశ్వవిద్యాలయం, ఇలా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. సిద్ధాంత గ్రంథం ఎంత కష్టపడి రాసినా పూర్తిగా చదివేది గైడు, ఆ తర్వాత కొద్దిమంది ఎగ్జామినర్లు. వైవా అయిపోతే ఒక కాపీ లైబ్రరీ బీరువాలోకి, ఇంకోటి సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలోకి చేరుతుంది. దాని మీద వాదించేవాళ్లు, తప్పు పట్టేవాళ్లు, ఇంకో ఆధారం చూపించేవాళ్లు ఎదురుపడరు. ఆ లోటు తీర్చడానికే వృత్తి సంఘాలు పుట్టాయి.

మహాసభల కాలం

మనదేశంలో ఈ ఆలోచన కొత్తదేం కాదు. తంజావూరులో సిద్ధవైద్యం చేస్తూ సంగీతశాస్త్రం మీద ఎడతెగని పరిశోధన సాగించిన అబ్రహాం పండితర్ 1912లోనే ఒక సంగీత సంఘం పెట్టి, విద్వాంసులను పిలిచి శ్రుతుల లెక్కల మీద చర్చలు జరిపించారు. 1916లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఆదరణలో అఖిల భారత సంగీత మహాసభ జరిగింది. దాని వెనకున్న మనిషి హిందూస్థానీ సంగీత పండితుడు భాత్ఖండే. అబ్రహాం పండితర్ అక్కడికీ వెళ్లి, తన సిద్ధాంతాన్ని కూతుళ్ల చేత పాడించి చూపించారు.

1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభలతోపాటు సంగీత మహాసభ కూడా జరిగింది. దాని ఫలితమే 1928 ఆగస్టు 18న మొదలైన మ్యూజిక్ అకాడమీ. మొదట్లో దాని ప్రధాన లక్ష్యం కచేరీలు కాదు. ఒకే రాగాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా పాడుతుంటే లక్షణం తేల్చడానికి విద్వాంసులను ఒకచోట కూర్చోబెట్టడమే పని. ఆ చర్చల్లో ఎవరేమన్నారో అకాడమీ జర్నల్లో అచ్చయింది. పాత సంచికలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రాగలక్షణం మీద పని చేసే విద్యార్థి తన సినాప్సిస్ రాసేముందు వాటిని తిరగేయకపోతే, ఎనభై ఏళ్ల కిందట తేలిపోయిన విషయాన్ని కొత్తగా కనిపెట్టానని చెప్పుకునే ప్రమాదం ఉంది.

ఆ వేదిక మీద తెలుగువాళ్ల పాలు కూడా పెద్దదే. 1941 మహాసభకు ద్వారం వెంకటస్వామి నాయుడు అధ్యక్షులు. తర్వాతి కాలంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1974), మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1978), శ్రీపాద పినాకపాణి (1983), నేదునూరి కృష్ణమూర్తి (1991), షేక్ చినమౌలానా (1998) సంగీత కళానిధులయ్యారు. పినాకపాణి వృత్తిరీత్యా వైద్యుడు. క్షేత్రయ్య పదాలను వెలుగులోకి తెచ్చిన విస్సా అప్పారావు భౌతికశాస్త్రం చెప్పిన అధ్యాపకుడు. విజయనగరం సంగీత వ్రాతప్రతుల గురించి ఆయన రాసిన వ్యాసం అకాడమీ జర్నల్లోనే వచ్చింది. సంఘంలో చోటు దొరకడానికి డిగ్రీ కన్నా చేసిన పనే ముఖ్యమని ఈ ఇద్దరినీ చూస్తే తెలుస్తుంది.

ఇంటి దగ్గర మొదలుపెడితే

సంగీతశాస్త్రం మీద రాసేవాళ్లకు దేశంలో ఉన్న మరో మంచి చిరునామా ఇండియన్ మ్యూజికలాజికల్ సొసైటీ. బరోడా సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేసిన ఆర్.సి. మెహతా దీనికి ప్రాణం పోసి, దశాబ్దాలపాటు జర్నల్ నడిపారు. హిందూస్థానీ, కర్ణాటక సంగీతాలు రెండింటి మీదా అందులో వ్యాసాలొచ్చాయి. ఆ జర్నల్ పాత సంచికలు చదివితే మన దగ్గర సంగీతం మీద వ్యాసం ఎలా రాయాలో ఒక అంచనా దొరుకుతుంది.

రికార్డింగులు, జానపద సామగ్రి మీద పని చేసేవాళ్లు గురుగ్రామ్‌లోని ఆర్కైవ్స్ అండ్ రీసెర్చ్ సెంటర్ ఫర్ ఎత్నోమ్యూజికాలజీని తెలుసుకోవాలి. ఇది సంఘం కాదు, ధ్వని భాండాగారం. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ 1982లో పెట్టింది. విదేశీ పరిశోధకులు ఇక్కడ రికార్డు చేసుకుని పట్టుకుపోయిన సంగీతం కాపీలు ఈ దేశంలోనే ఉండాలన్నది దాని ఉద్దేశం.

పరిశోధన కన్నా నిర్వహణ మీద మనసున్నవాళ్లకు స్పిక్ మెకే ఉంది. 1977లో ఐఐటీ ఢిల్లీలో కిరణ్ సేఠ్ మొదలుపెట్టిన ఈ ఉద్యమం వాలంటీర్ల మీద నడుస్తుంది. 2025 అంతర్జాతీయ సదస్సుకు ఐఐటీ హైదరాబాద్ వేదికైంది. కళాకారులను స్టేషన్ నుంచి తీసుకురావడం దగ్గర్నుంచి మైకుసెట్టు, తంబురా శ్రుతి సరిచూడటం దాకా అన్నీ విద్యార్థులే చేస్తారు. ఎంఏ అయ్యాక సభల్లో, సాంస్కృతిక శాఖల్లో ఉద్యోగం చూసుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి అప్రెంటిస్‌షిప్ ఉండదు.

సరుకు మనది, చర్చ అక్కడ

ఇక దేశం దాటితే మొదట చూడాల్సింది సొసైటీ ఫర్ ఎత్నోమ్యూజికాలజీ. 1955లో అమెరికాలో పుట్టింది. ఒక సంగీతం ఏ మనుషుల మధ్య, ఏ జీవితంలోంచి వస్తోందో చదివే శాస్త్రం వీళ్లది. భారతీయ సంగీత పండితుడు నజీర్ జైరాజ్‌భాయ్ 1970ల్లో దీనికి అధ్యక్షులుగా చేశారు. దక్షిణాసియా ప్రదర్శన కళల కోసం ఇందులో ప్రత్యేక విభాగమే ఉంది. సభ్యత్వ రుసుము ఆదాయాన్ని బట్టి మారుతుంది, విద్యార్థులకు బాగా తక్కువ. ఏటా జరిగే మహాసభలో విద్యార్థులు చదివిన పత్రాల్లో మేలైనదానికి సంఘం వ్యవస్థాపకుల్లో ఒకరైన చార్లెస్ సీగర్ పేరిట బహుమతి ఇస్తారు.

దీనికన్నా ముందు 1947లో లండన్‌లో ఇంటర్నేషనల్ ఫోక్ మ్యూజిక్ కౌన్సిల్ పుట్టింది. మొదటి అధ్యక్షుడు ఇంగ్లండ్ స్వరకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్. 1981లో ఒకసారి, 2023లో మరోసారి పేరు మార్చుకుని ఇప్పుడు ఇంటర్నేషనల్ కౌన్సిల్ ఫర్ ట్రెడిషన్స్ ఆఫ్ మ్యూజిక్ అండ్ డాన్స్ అయింది. యునెస్కోకు సలహా సంస్థ కూడా. రెండేళ్లకోసారి ప్రపంచ మహాసభ జరుపుతుంది. అంతకన్నా విద్యార్థికి పనికొచ్చేవి దాని అధ్యయన బృందాలు. ఒకే రకం విషయం మీద పని చేసే కొద్దిమంది కూడే చోటు కాబట్టి కొత్తవాళ్లు అక్కడ తేలిగ్గా కలిసిపోతారు. ఒగ్గుకథ, చిందు యక్షగానం, తప్పెటగుళ్లు, బుర్రకథ మీద పని చేస్తున్నవాళ్లు ముందుగా తలుపు తట్టాల్సింది ఇక్కడే.

చరిత్ర, గ్రంథ పరిష్కరణ ఇష్టమైనవాళ్లకు 1927లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో మొదలైన ఇంటర్నేషనల్ మ్యూజికలాజికల్ సొసైటీ ఉంది. బ్రిటన్‌లోని రాయల్ మ్యూజికల్ అసోసియేషన్ ఇంకా పాతది, 1874 నాటిది. అక్కడి ఎత్నోమ్యూజికాలజీ ఫోరంతో కలిసి అది పరిశోధక విద్యార్థుల కోసమే విడిగా సదస్సు నడుపుతుంది. టీచరుగా స్థిరపడాలనుకునేవాళ్లకు ఇంటర్నేషనల్ సొసైటీ ఫర్ మ్యూజిక్ ఎడ్యుకేషన్ సరిపోతుంది. యునెస్కో చొరవతో 1953లో బ్రస్సెల్స్‌లో పుట్టిన ఈ సంఘంలో బడిపిల్లలకు పాఠం ఎలా చెప్పాలన్న దగ్గర్నుంచీ అన్నీ చర్చకొస్తాయి.

ఇంత దూరపు సంఘాలతో మనకేం పని అనిపించవచ్చు. రెండు పుస్తకాలు చూస్తే జవాబు దొరుకుతుంది. దేవదాసీల చరిత్ర మీద దవేష్ సోనేజీ 2012లో తెచ్చిన గ్రంథంలో కోస్తా ఆంధ్ర కళావంతుల జ్ఞాపకాలకు పెద్ద చోటుంది. కూచిపూడి స్త్రీవేషం మీద హర్షిత మృత్తింటి కామత్ 2019లో పుస్తకం రాశారు. దాన్ని ఎవరైనా ఉచితంగా దించుకుని చదువుకోవచ్చు. రెండింటికీ మూలం మన ఊళ్లే, మన మనుషులే. చర్చ నడిచింది మాత్రం చాలావరకు అమెరికా విశ్వవిద్యాలయాల్లో. ఆ వాదాలు నచ్చినా నచ్చకపోయినా, ఒప్పుకోవడానికీ కాదనడానికీ ఆ వేదిక మీద మనవాళ్లు ఉండాలి కదా.

పైగా తెలుగు చదవగలిగినవాళ్లకు ఈ రంగంలో పుట్టుకతో వచ్చిన ఆస్తి ఒకటుంది. దీక్షితుల కృతులకు ప్రమాణంగా చూసే 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి ప్రకటించింది తెలుగు లిపిలోనే. తంజావూరు మరాఠా రాజు శహాజీ కాలపు రాగలక్షణ గ్రంథం తెలుగే. సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు వ్రాతప్రతులు గుట్టలుగా ఉన్నాయి. ఇవి చదవాలంటే విదేశీ పరిశోధకులు ఏళ్ల తరబడి భాష నేర్చుకోవాలి. విజయనగరం సంగీత కళాశాలలో చదివిన అమ్మాయికి ఆ తిప్పలు లేవు.

తోడి గాంధారం, కంప్యూటరు

ఇంజినీరింగ్ చదివి సంగీతంలోకి వచ్చినవాళ్లు, సంగీతం చదివి సాఫ్ట్‌వేర్ వైపు చూసేవాళ్లు ఈమధ్య బాగా కనిపిస్తున్నారు. వీళ్ల కోసం ఇస్మిర్ ఉంది. సంగీతం నుంచి కంప్యూటరుతో సమాచారం రాబట్టే పరిశోధకుల అంతర్జాతీయ సంఘం అది. 2000లో అమెరికాలో సదస్సుగా మొదలైంది. 2022 డిసెంబరు సదస్సు బెంగళూరులో జరిగింది. పత్రాలన్నీ ఉచితంగా చదవచ్చు. కొత్తవాళ్లకు అనుభవజ్ఞులను జతచేసే ఏర్పాటూ ఉంది.

అక్కడ కర్ణాటక సంగీతం కొత్త కాదు. బార్సిలోనాలో జేవియర్ సెర్రా నాయకత్వంలో 2011లో మొదలైన కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టు అయిదు సంగీత సంప్రదాయాలను తీసుకుంటే అందులో కర్ణాటక సంగీతం ఒకటి. ఐఐటీ మద్రాసు, ఐఐటీ బాంబే పరిశోధకులు అందులో పాలుపంచుకున్నారు.

వాళ్లకు ఎదురయ్యే చిక్కు వింటే సంగీత విద్యార్థి అవసరమేంటో అర్థమవుతుంది. గాయకుడు ఒకటి శ్రుతిలో, గాయని అయిదు శ్రుతిలో పాడతారు. కాబట్టి యంత్రం ముందు షడ్జమం ఎక్కడుందో పట్టుకోవాలి. అది తేలాకే రాగం సంగతి. అప్పుడు తోడి వస్తుంది. తోడిలో గాంధారం ఒకచోట నిలవదు, పైకీ కిందకీ ఊగుతూనే ఉంటుంది. తెర మీద అది వంకరటింకర గీతలా కనిపిస్తుంది తప్ప అక్కడొక స్వరం ఉందని యంత్రానికి తోచదు. ఆ ఊపంతా కలిపితేనే గాంధారమని చెప్పాల్సింది పాట నేర్చుకున్న మనిషి. త్యాగరాజు, శ్యామశాస్త్రి, క్షేత్రయ్య సాహిత్యాన్ని రికార్డింగుతో మాటమాటకూ జత చెయ్యాలన్నా తెలుగు వచ్చినవాళ్లే కావాలి.

సారాంశం రాయడం ఒక విద్య

ఏ సంఘంలో మాట్లాడాలన్నా మొదట పంపాల్సింది సారాంశం. చాలాచోట్ల హద్దు 300 మాటలు. మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఓ విద్యార్థిని హరికథ మీద పని చేస్తోందనుకుందాం. 'ఆదిభట్ల నారాయణదాసు హరికథలు, ఒక పరిశీలన' అని పేరు పెట్టి, దాసుగారి జననం, బిరుదులు, గొప్పతనంతో 250 మాటలు నింపేస్తే ఎంపిక సంఘం పక్కన పెట్టేస్తుంది. అందులో ప్రశ్న లేదు.

అదే విద్యార్థిని ఇలా మొదలుపెట్టవచ్చు. ఒకే కథలోని ఒకే ఘట్టాన్ని ముగ్గురు భాగవతులు చెప్పిన రికార్డింగులున్నాయి, రాగాలు ముగ్గురివీ వేరు. ఈ తేడా గురువును బట్టి వచ్చిందా, ఊరిని బట్టి వచ్చిందా, ఎదుట కూర్చున్న జనాన్ని బట్టి వచ్చిందా? రెండో పేరాలో తన దగ్గరున్న సామగ్రి ఏంటో, మూడో పేరాలో ఇప్పటిదాకా ఏం తేలిందో చెబితే చాలు. పొగడ్తలు అక్కర్లేదు. ఇంగ్లిషు కాస్త తడబడినా ప్రశ్న గట్టిదైతే ఎంపిక సంఘాలు చూస్తాయి. పైగా మాట తడుముకున్నచోట పాడి చూపించే వీలు సంగీత విద్యార్థికే ఉంది.

హక్కుల సంఘాలు వేరే

పరిశోధన జోలికి పోకుండా పాటలు కట్టుకునేవాళ్లు, పాడుకునేవాళ్లు కూడా పీజీలో ఉంటారు. వాళ్లు మరిచిపోకూడనివి రెండు. 1969 నుంచి ఉన్న ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ స్వరకర్తలకు, గీత రచయితలకు, ప్రచురణకర్తలకు రావాల్సిన రాయల్టీ వసూలు చేసి పంచుతుంది. గాయకుల కోసం 2013లో ఇండియన్ సింగర్స్ రైట్స్ అసోసియేషన్ వచ్చింది. 2012 నాటి కాపీరైట్ చట్ట సవరణే ఈ రెండింటికీ బలం.

శాస్త్రీయ సంగీతానికి రాయల్టీ ఏంటని తీసిపారేయక్కర్లేదు. అన్నమయ్య సాహిత్యం మీద ఎవరికీ హక్కు లేదు. కానీ ఆ సంకీర్తనల్లో చాలావాటికి పాత వరసలు మిగల్లేదు. రాళ్లపల్లి, నేదునూరి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు కొత్తగా స్వరపరిచారు. అలా కట్టిన వరస చట్టం దృష్టిలో కొత్త రచనే. స్వరకర్త జీవితకాలం, ఆపై 60 ఏళ్లు దానికి రక్షణ ఉంటుంది. రేపు ఓ విద్యార్థి స్వరపరిచిన సంకీర్తన సినిమాలోకో యాప్‌లోకో వెళ్తే ఆ హక్కు అక్కరకొస్తుంది.

ఫీజు కట్టేముందు

సంఘాల పేరు చెప్పి దండుకునేవాళ్లూ ఉన్నారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు ఎంపిక చేసేటప్పుడు ఒక్కో పరిశోధన పత్రానికి 2 మార్కులు, మొత్తం 10 దాకా ఇస్తారు. ఆ మార్కుల ఆశ మీదే బోగస్ జర్నళ్లు బతికాయి. మంచి జర్నళ్లను గుర్తించడానికి పెట్టిన కేర్ జాబితాను కూడా యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది. మంచిచెడులు తేల్చుకునే బాధ్యత ఇప్పుడు విద్యార్థి మీద, గైడు మీద పడింది.

గుర్తుపట్టడం కష్టమేం కాదు. పంపిన రెండ్రోజులకే అంగీకార పత్రం వచ్చిందంటే చదివినవాళ్లు లేనట్టే. సంగీతం, రసాయనశాస్త్రం, మేనేజ్‌మెంట్ అన్నీ ఒకే జర్నల్లో ఉంటే దానికి దూరంగా ఉండటం మంచిది. సంపాదకవర్గంలో ఉన్నవాళ్లు అదే రంగంలో ఏమైనా రాశారా, సదస్సు కార్యక్రమంలో ప్రశ్నలకు సమయం కేటాయించారా చూడాలి. పది నిమిషాలు చదివి, సర్టిఫికెట్ తీసుకుని, గ్రూప్ ఫొటో దిగి వచ్చేసే సదస్సు ఎన్ని దేశాల పేర్లు పెట్టుకున్నా దండగే.

అన్నిట్లో చేరిపోవాల్సిన పని లేదు. ఎంఏలో ఉన్నవాళ్లకు డిసెంబరు లెక్‌డెమ్‌లు, పాత జర్నళ్లు, స్పిక్ మెకే చాలు. పీహెచ్‌డీలో చేరిన మొదటి ఏడాదే తన విషయానికి దగ్గరగా ఉన్న ఒక్క అంతర్జాతీయ సంఘంలో విద్యార్థి సభ్యత్వం తీసుకుని, రెండో ఏడాదికి సారాంశం పంపేలా చూసుకోవాలి. వీసా, విమానం ఖర్చులు భరించలేనివాళ్లు ఆన్‌లైన్‌లో మాట్లాడే వీలున్న సదస్సులు వెతుక్కోవచ్చు. కొవిడ్ తర్వాత అలాంటివి పెరిగాయి.

విశ్వవిద్యాలయాలు కూడా ఒక పని చెయ్యాలి. మొదటి సభ్యత్వ రుసుమును శాఖ నిధుల నుంచి కట్టి, ఆ విద్యార్థి ఏడాదిలోపు ఒక్క సారాంశమైనా పంపాలని షరతు పెడితే సరిపోతుంది. వార్షికోత్సవానికి కట్టే షామియానా ఖర్చులో కొంత తగ్గించుకున్నా ఈ డబ్బు సర్దుబాటవుతుంది.